పాడి రైతు లెక్క ఏ ఫైల్‌లో దాస్తున్నారు? చిత్తూరు, తిరుపతి జిల్లాల డెయిరీలకు బహిరంగ లేఖ

డెయిరీల యాజమాన్యాలకు, పాలకవర్గ సభ్యులకు, కంప్యూటర్ విభాగాల బాధ్యులకు నమస్కారం.

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వాన మొహం చాటేసిన ఏడాదుల్లో చాలా ఇళ్లను నడిపింది ఆవే. ఆ ఇంటివాళ్లు ఇంకో ఆవుకు అప్పు కావాలని బ్యాంకుకు వెళ్తే అక్కడ అడిగేది పాల బిల్లుల లెక్క. కిసాన్ క్రెడిట్ కార్డును పాడికీ వర్తింపజేస్తామని 2018–19 బడ్జెట్‌లో ప్రకటించాక ఆ లెక్కకు విలువ ఇంకా పెరిగింది. మూడేళ్ల లెక్క పూర్తిగా రైతు దగ్గర ఉండదు, మీ దగ్గరే ఉంటుంది. పూటపూటకూ కేంద్రంలో నమోదయ్యే ప్రతి వరుసా ఆ ఇంటి ఆదాయానికి సాక్ష్యం.

కేంద్రాల కంప్యూటర్లలో, పాత సర్వర్లలో చెల్లాచెదురుగా ఉన్న ఈ లెక్కలను క్లౌడ్‌లో ఒకచోటికి చేరుస్తున్నవారికీ, త్వరలో చేర్చబోయేవారికీ ఈ లేఖ. ఇలా చేర్చే చోటును డేటా లేక్ అంటారు. అది డేటాబేస్ సర్వర్ కాదు, ఏళ్ల తరబడి ఫైళ్లు ఉండే నిల్వ. ఆ ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో ఉండాలన్న ప్రశ్న పాలకవర్గం సమావేశం దాకా రావడం అరుదు. సాఫ్ట్‌వేర్ వేసినవాళ్లు తమకు ఏది సులువైతే అది పెట్టి వెళ్తారు. అది ఎక్కువసార్లు సీఎస్‌వీ (విలువల మధ్య కామాలు పెట్టిన టెక్స్ట్ ఫైల్) అవుతుంది, లేదా ఎక్సెల్ అవుతుంది. ఈ నిర్ణయం మీ చేతుల్లోకి తీసుకోండి. పాత లెక్కల చరిత్రను పార్కే (Parquet) అనే ఫైల్ ఫార్మాట్‌లో, ప్రతి కాలమ్‌కూ రకం (సంఖ్యా, అక్షరాలా, తేదీనా అన్నది) ముందే ఖరారు చేసి దాచండి. మా విన్నపం ఇంతే. ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నాం.

ముందు పరిమాణం చూద్దాం. 50,000 మంది రైతులు, 500 సేకరణ కేంద్రాలు ఉన్న డెయిరీ ఒకటి అనుకోండి. రెండు పూటలకు రోజుకు లక్ష వరుసలు, నెలకు 30 లక్షలు, ఏడాదికి 3.65 కోట్లు. ఒక్కో వరుసలో సభ్యుని కోడ్, కేంద్రం కోడ్, తేదీ, పూట, పాల పరిమాణం, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం), రేటు, మొత్తం, రసీదు నంబరు వంటివి ఉంటాయి. వరుసకు 150 బైట్లు వేసుకున్నా సీఎస్‌వీలో నెలకు 450 ఎంబీ, ఏడాదికి ఐదున్నర జీబీ. ఇది పెద్ద డేటా కాదు. పెద్ద క్లస్టర్లు (సర్వర్ల గుంపులు) కొనిపించడానికి ఎవరైనా వస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. కానీ ఎక్సెల్ షీట్‌లో పట్టేది 10,48,576 వరుసలే కాబట్టి ఒక్క నెల లెక్క కూడా అందులో పట్టదు.

సీఎస్‌వీతో అసలు చిక్కు సైజు కాదు. ఏ కాలమ్‌లో ఏ రకం విలువ ఉందో ఆ ఫైల్‌కు తెలియదు, తెరిచిన ప్రోగ్రామ్ ఊహించుకుంటుంది. 0047 అనే సభ్యుని కోడ్ ఎక్సెల్‌లో 47 అవుతుంది. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిలుపుతుంది కాబట్టి 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరులో చివరి అంకె సున్నాగా మారుతుంది. ఆ షీట్‌ను ఒక్కసారి సేవ్ చేస్తే అసలు నంబరు ఇక తిరిగి రాదు. 03-04-2023 అన్న తేదీని ఒక ప్రోగ్రామ్ ఏప్రిల్ 3గా, ఇంకొకటి మార్చి 4గా చదువుతుంది. 12వ తేదీ దాటితే తారుమారు కుదరదు కాబట్టి నెలలో మొదటి 12 రోజులే తప్పుతాయి, మిగతావి సరిగ్గా ఉంటాయి. అందుకే ఈ తప్పు పైకి కనబడదు. రిమార్కుల్లో ఎవరైనా కామా కొడితే, కొటేషన్ గుర్తులు పెట్టకుండా రాసిన ఫైల్‌లో ఆ వరుస మొత్తం ఒక గడి పక్కకు జరుగుతుంది. అప్పుడు వెన్న శాతం ఉండాల్సిన చోట లీటర్లు వచ్చి కూర్చుంటాయి. తెలుగులో రాసిన పేర్లను యూటీఎఫ్-8లో కాకుండా, తెలుగు అక్షరాలు లేని వేరే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) సేవ్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

సీఎస్‌వీని జిప్ చేసి పెట్టినా పని కాదు. జీజిప్ (gzip) పద్ధతిలో కుదించిన ఫైల్‌ను మధ్యలోంచి చదవలేం, మొదటి నుంచి విప్పుకుంటూ రావాల్సిందే. పది ప్రాసెసర్లున్నా ఒకటే పని చేస్తుంది. జేసన్ (JSON) అనే ఇంకో టెక్స్ట్ ఫార్మాట్ గురించి ఒక్క మాట చాలు. ప్రతి వరుసలోనూ కాలమ్ పేర్లన్నీ మళ్లీ రాస్తుంది కాబట్టి చరిత్రకు అది దండగ.

ఇక పార్కే. సేకరణ రిజిస్టరు వరుసల వారీగా రాస్తాం. పార్కే దాన్నే కాలమ్‌ల వారీగా పేరుస్తుంది. ఫైల్‌ను కొన్ని లక్షల వరుసల గుంపులుగా, అంటే రో గ్రూపులుగా విడదీసి, ఒక్కో గుంపులో వెన్న శాతాలన్నీ ఒకచోట, రేట్లన్నీ ఒకచోట, కేంద్రం కోడ్‌లన్నీ ఒకచోట ఉంచుతుంది. కేంద్రం కోడ్‌లు 500 రకాలే కాబట్టి వాటిని ఒక పట్టికగా ఒకసారి రాసుకుని, వరుసల్లో పట్టికలోని స్థానం మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. వెన్న శాతాలూ అంతే, మళ్లీ మళ్లీ వచ్చే కొన్ని విలువలే. అందుకే ఈ తరహా డేటా సీఎస్‌వీతో పోలిస్తే చిన్న వంతుకు తగ్గిపోతుంది. ఎంతకు తగ్గుతుందో మీ ఒక నెల డేటాతో కొలిచి చూసుకోండి. ‘ఈ పక్షంలో ఈ రూట్‌లో మొత్తం లీటర్లెన్ని, సగటు వెన్న ఎంత’ అని అడిగితే పాతిక కాలమ్‌లలో నాలుగే చదువుతుంది. పైగా ప్రతి రో గ్రూపులో ప్రతి కాలమ్‌కూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు ఫైల్ చివర ఫుటర్ అనే వివరాల భాగంలో ఉంటాయి. అడిగిన సభ్యుని కోడ్ ఆ హద్దుల్లో లేకపోతే ఆ గుంపును ముట్టుకోకుండానే దాటిపోతుంది.

ఈ ఫుటర్ వల్లే ఒక ప్రమాదం కూడా ఉంది. పార్కే ఫైల్ మొదట్లోనూ చివర్లోనూ పీ, ఏ, ఆర్, 1 అనే నాలుగు బైట్ల గుర్తు ఉంటుంది, చివరి గుర్తుకు ముందు ఫుటర్. రాస్తుండగా కరెంటు పోతే ఫుటర్ పడదు. ఫుటర్ లేని ఫైల్‌ను మామూలు సాధనాలేవీ తెరవవు, 90 శాతం రాసి ఉన్నా దక్కేది సున్నా. కాబట్టి సేకరణ కేంద్రంలోని కంప్యూటర్‌లో పార్కే రాయించకండి. అక్కడ వరుస వచ్చిన వెంటనే రాసిపెట్టే ఫార్మాట్ కావాలి. దానికి ఆవ్రో (Avro) అనే ఫార్మాట్ బాగుంటుంది. 2009లో పెద్ద డేటా సాఫ్ట్‌వేర్ అయిన హడూప్ ప్రాజెక్టు నుంచి వచ్చింది, వరుసల వారీగా రాస్తుంది, కాలమ్‌ల వివరం ఫైల్ తలలోనే ఉంటుంది, బ్లాకుల మధ్య 16 బైట్ల గుర్తు ఉండటం వల్ల మధ్యలో ఒక బ్లాకు చెడినా తర్వాతివాటిని అందుకోవచ్చు. మీ యంత్రాల సాఫ్ట్‌వేర్‌కు ఆవ్రో చేతకాకపోతే సీఎస్‌వీనే పంపించనివ్వండి. వచ్చినదాన్ని వచ్చినట్టే ఒక ఫోల్డర్‌లో ముట్టుకోకుండా ఉంచి, రాత్రికి ఒకే చోట, ఒకే ప్రోగ్రామ్‌తో పార్కేగా మార్చండి. ముందు తాత్కాలిక ఫోల్డర్‌లో రాసి, తెరిచి వరుసలు లెక్కబెట్టి, ఆ తర్వాతే అసలు ఫోల్డర్‌లోకి చేర్చండి.

పార్కేలాగే కాలమ్‌ల వారీగా దాచే ఓఆర్‌సీ (ORC) కూడా మంచి ఫార్మాటే. ఇప్పటికే హైవ్ అనే డేటా సాఫ్ట్‌వేర్ మీద ఓఆర్‌సీలో ఉన్నవాళ్లు మార్చుకోవాల్సిన అవసరం లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పార్కే అంటున్నాం, ఎందుకంటే స్పార్క్, ట్రినో, పాండాస్, డక్‌డీబీ వంటి డేటా సాధనాలు, పెద్ద క్లౌడ్ సేవలు అన్నీ దాన్ని నేరుగా చదువుతాయి. 2013లో ట్విట్టర్, క్లౌడెరా కలిసి విడుదల చేసిన ఈ ఫార్మాట్ అపాచీ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఉంది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. మీ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు మారినా ఫైళ్లు మీవిగానే ఉంటాయి.

రకాల దగ్గర మాత్రం దయచేసి తొందరపడకండి. పార్కేలో పెట్టినా రకం తప్పుగా ఇస్తే తప్పు లెక్కే భద్రంగా ఉంటుంది.

డబ్బును డబుల్ అనే ఉజ్జాయింపు సంఖ్యల రకంలో పెట్టవద్దు. ఆ రకంలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కోట్ల వరుసలు కూడేటప్పుడు ఏ ప్రాసెసర్ ఏ భాగాన్ని ముందు కూడిందన్న దాన్నిబట్టి చివరి అంకెలు మారతాయి. ఒకే నివేదికను రెండుసార్లు తీస్తే రెండు మొత్తాలు రావచ్చు. అంకెలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ రకం వాడండి. రైతుకు చెల్లించిన మొత్తానికి 12 అంకెలు, అందులో రెండు పైసలకు. 18 అంకెల లోపు డెసిమల్‌ను పార్కే 8 బైట్లలో సర్దగలదు కాబట్టి ఇందులో బరువూ లేదు. రేటును కూడా వరుసలోనే రాయండి, రేటు చార్టు నంబరుతో సరిపెట్టవద్దు. మొత్తాన్ని చదివేటప్పుడు లీటర్లు, రేటు గుణించి రాబట్టవద్దు. పైసలను ఎటు సవరించారన్న నియమం మధ్యలో మారి ఉంటుంది, అప్పుడు రైతు చేతికందిన డబ్బుతో మీ లెక్క కలవదు. ఆ రోజు చెల్లించింది ఎంతో అదే సత్యం, అదే దాచాలి.

పరిమాణం కాలమ్ పేరులోనే ప్రమాణం ఉండాలి. లీటరు పాలు రమారమి 1.03 కిలోలు తూగుతాయి. ఒక కేంద్రంలో త్రాసు కిలోల్లో, ఇంకో కేంద్రంలో కొలత లీటర్లలో ఉండి రెండూ ‘పరిమాణం’ అనే ఒకే కాలమ్‌లోకి వస్తే 3 శాతం తేడా ఎక్కడుందో ఎవరికీ దొరకదు. ‘పరిమాణం_లీటర్లు’ అని పేరు పెట్టి, కిలోల్లో వచ్చినదాన్ని లోపలికి తీసుకునేటప్పుడే మార్చి, యంత్రం ఇచ్చిన అసలు అంకెను పక్క కాలమ్‌లో ఉంచండి.

కోడ్‌లన్నీ అక్షర రకంలో ఉండాలి, సంఖ్యలుగా కాదు. ముందున్న సున్నాలు పోకుండా ఉండటానికి ఇదొక్కటే దారి. పాండాస్‌తో మార్చేవాళ్లు ఇంకొకటి గమనించాలి. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, మామూలుగా ఆ కాలమ్ మొత్తం దశాంశాలుగా మారిపోతుంది. సభ్యుడు 1047 కాస్తా 1047.0 అవుతాడు, సభ్యుల పట్టికతో జత కుదరదు. అలాగే రకాలను ప్రోగ్రామ్ ఊహకు వదిలితే ఒక కేంద్రం ఫైల్‌లో వెన్న శాతాలన్నీ 4, 5 అని పూర్ణాంకాలే ఉన్న రోజు ఆ కాలమ్ పూర్ణాంకంగా పడుతుంది, మర్నాడు దశాంశంగా. రెండు ఫైళ్లను కలిపి చదివేటప్పుడు స్పార్క్ ఆగిపోతుంది. రకాల జాబితా ఒక చోట రాసి, దానికి సరిపోని వరుసను వేరే ఫోల్డర్‌లోకి తోసేలా ప్రోగ్రామ్ ఉండాలి. ఆ ఫోల్డర్‌ను ప్రతి ఉదయం ఒక మనిషి చూడాలి.

సమయం విషయంలో పాల వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక గండం ఉంది. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తాయి, మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. తెల్లవారి 5 గంటలకు పోసిన పాలు యూటీసీలో ముందు రోజు రాత్రి 11:30కి పోసినట్టు. అంటే 5:30 లోపు వచ్చిన పాలన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి, ఆ తర్వాతివి నేటి ఖాతాలో. ఒకే కేంద్రంలో, ఒకే పూటలో, వరుసలో ముందు నిలబడ్డ రైతుకూ వెనక నిలబడ్డ రైతుకూ తేదీలు వేరవుతాయి. ఏప్రిల్ 1న అయితే ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారుతుంది. అందుకని రెండు కాలమ్‌లు పెట్టండి. ఒకటి, సెకన్లతో సహా కచ్చితమైన సమయం, యూటీసీ అని స్పష్టంగా గుర్తుపెట్టి. రెండోది ‘సేకరణ తేదీ’, తేదీ రకంలో, పక్కన ఉదయం లేక సాయంత్రం. బిల్లులూ ఫోల్డర్లూ అన్నీ సేకరణ తేదీ మీదే నడవాలి. స్పార్క్, ఇంపాలా వంటి సాధనాలు వాడుతూ వచ్చిన ఇంట్96 అనే సమయ రకాన్ని ఇప్పుడు వాడవద్దంటున్నారు. మీ ప్రోగ్రామ్ దాన్ని రాస్తుంటే సెట్టింగ్ మార్చి మైక్రోసెకన్ల టైమ్‌స్టాంప్‌గా రాయించండి.

ఫోల్డర్ల విభజన గురించి. కేంద్రానికో ఫైల్, రోజుకో ఫైల్ పెడితే పైన చెప్పిన డెయిరీకి ఏడాదికి 1,82,500 ఫైళ్లు తయారవుతాయి, ఒక్కోదానిలో 200 వరుసలు. అంత చిన్న ఫైల్‌లో డేటాతో పోటీ పడే సైజులో ఫుటర్ ఉంటుంది. ఒక్క వార్షిక నివేదికకు ఆ ఫైళ్లన్నీ తెరవాలి, క్లౌడ్‌లో ప్రతి తెరపుకూ సమయమూ రుసుమూ ఉంటాయి. సభ్యుని కోడ్ మీద విభజిస్తే ఇంకా ఘోరం. ఈ పరిమాణానికి నెలకో ఫోల్డర్, అందులో ఒకటో రెండో ఫైళ్లు సరిపోతాయి. ఫైల్ 128 ఎంబీ నుంచి 1 జీబీ మధ్య ఉండాలని సాధారణంగా చెబుతారు. మీ నెల ఫైల్ అంతకన్నా చిన్నదైనా పరవాలేదు, దానికోసం మూడు నెలలు కలపకండి. నెల నడుస్తున్నంత కాలం రోజువారీ చిన్న ఫైళ్లు వేరే చోట ఉంచి, నెల ముగిసి బిల్లులు ఖాయమయ్యాక ఒకటిగా కలపండి. కలిపేటప్పుడు కేంద్రం కోడ్, ఆ తర్వాత సభ్యుని కోడ్, ఆ తర్వాత తేదీ ప్రకారం వరుస పెట్టి రాయించండి. ఈ క్రమం లేకపోతే ప్రతి రో గ్రూపులోనూ అన్ని కోడ్‌లూ కలిసిపోయి కనిష్ఠ, గరిష్ఠ విలువలు దేనికీ పనికిరావు. రో గ్రూపుకు లక్ష నుంచి రెండు లక్షల వరుసలు పెట్టండి. డక్‌డీబీ తనంతట తానే 1,22,880 పెడుతుంది. ఒక రైతు మూడేళ్ల లెక్క అడిగితే 36 నెలల ఫైళ్లలో ఒకటో రెండో రో గ్రూపులు మాత్రమే చదివితే చాలు, మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా క్షణాల పని.

జిల్లా పేరు మీద ఫోల్డర్లు పెట్టకండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు చంద్రగిరి, శ్రీకాళహస్తి కేంద్రాల లెక్కలు చిత్తూరు జిల్లా కింద ఉంటాయి, ఆ తర్వాతివి తిరుపతి కింద. మదనపల్లె వైపు కేంద్రాలు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. జిల్లా ఫోల్డర్లుంటే ఒకే కేంద్రం చరిత్ర రెండు ముక్కలవుతుంది. కేంద్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో, ఏ రూట్‌లో ఉందో చెప్పే చిన్న పట్టిక విడిగా ఉంచండి. లావాదేవీ వరుసలో కేంద్రం కోడ్ చాలు.

ఫైల్ కుదింపు పద్ధతుల్లో స్నాపీ కన్నా జెడ్‌స్టాండర్డ్ మేలు. తరచూ చదవని చరిత్రకు స్థలం ఎక్కువ ఆదా. ఫైల్ లోపలే కుదింపు జరుగుతుంది కాబట్టి పైన మళ్లీ జిప్ చేయవద్దు.

ఇప్పుడు దిద్దుబాట్లు. వెన్న శాతం కొలిచే యంత్రం తప్పు చూపిందని తేలి, రైతులకు తేడా చెల్లించాల్సి వచ్చిందనుకోండి. పార్కే ఫైల్‌లో ఒక వరుసను ఉన్నచోటే మార్చడం కుదరదు, ఫైల్ మొత్తం తిరగరాయాలి. ఇది లోపమని అనుకోవద్దు. పాత వరుస అలాగే ఉండాలి. దాన్ని రద్దు చేసే వరుస ఒకటి, సరైన విలువతో కొత్త వరుస ఒకటి, రెండింటిలోనూ పాత రసీదు నంబరు, కారణం, తేదీ రాయాలి. మొదట ఎంత అనుకున్నారో, ఎందుకు మారిందో రైతుకూ ఆడిటర్‌కూ అలాగే తెలుస్తుంది.

ఒకే చోట రెండు మూడు ప్రోగ్రాములు రాస్తుంటే, ఆలస్యంగా వచ్చే ఫైళ్లు ఎక్కువైతే పార్కే ఫైళ్లను ఒకే పట్టికగా నిర్వహించే ఐస్‌బర్గ్ గానీ డెల్టా లేక్ గానీ పైన వేసుకోండి. ఏయే ఫైళ్లు ఇప్పుడు చెల్లుతాయో ఇవి ఒక చిట్టా పెట్టుకుంటాయి కాబట్టి సగం రాసిన ఫైల్ ఎవరికీ కనబడదు. ఐస్‌బర్గ్ కాలమ్‌లను పేరుతో కాక ఐడీతో గుర్తుపడుతుంది, కాలమ్ పేరు మార్చినా పాత ఫైళ్లు చెడవు. కానీ వీటిలో పాత స్థితిని చూసే సౌకర్యాన్ని ఆడిట్ చరిత్ర అనుకుని మోసపోవద్దు. నిల్వ శుభ్రం చేసే ఆదేశం నడిపితే డెల్టాలో మామూలుగా 7 రోజులు, ఐస్‌బర్గ్‌లో 5 రోజులు దాటిన పాత స్థితులు పోతాయి. కంపెనీగా నమోదైన డెయిరీ లెక్కల పుస్తకాలను కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఆ బాధ్యత రద్దు వరుసలే మోయగలవు.

నెట్ తెగిపోయి కేంద్రం అదే ఫైల్ రెండోసారి పంపితే పాలు రెట్టింపవుతాయి. కేంద్రం కోడ్, సేకరణ తేదీ, పూట, యంత్రం రసీదు నంబరు కలిపి ఒక గుర్తింపు కట్టి, నెల ఫైల్ రాసే ముందు దాని మీద నకళ్లు తీసేయండి. సభ్యుడు, లీటర్లు ఒకటేనని నకలుగా తీసేయవద్దు. ఒకే పూటలో రెండు క్యాన్లు తెచ్చిన రైతు నష్టపోతాడు.

ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు లావాదేవీల ఫైళ్లలోకి రానివ్వకండి. సభ్యుల పట్టికలో విడిగా, తాళం వేసి ఉంచండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద ఎవరైనా తమ వివరాలు తొలగించమంటే ఆ ఒక్క పట్టికలో పని ముగుస్తుంది, పదేళ్ల పార్కే ఫైళ్లు తిరగరాయనక్కర్లేదు.

పాత డేటా మార్చడం పూర్తయిందని ఎవరైనా చెబితే వెంటనే సంతకం పెట్టకండి. నెలవారీగా, కేంద్రాలవారీగా వరుసల సంఖ్య, మొత్తం లీటర్లు, మొత్తం రూపాయలు మూడూ పాతదానితో, పక్షం బిల్లుల చెల్లింపు రిజిస్టరుతో పైసాతో సహా కలవాలి. మొత్తం కలిసి కేంద్రాలవారీగా కలవకపోతే కోడ్‌లు చెదిరాయని అర్థం. వరుసలు కలిసి లీటర్లు కలవకపోతే ప్రమాణమో దశాంశమో తప్పింది. ఒక తేదీలో తక్కువ, ముందు తేదీలో అంతే ఎక్కువ ఉంటే అది యూటీసీ. ఇవన్నీ కలిసేదాకా పాత సర్వర్‌ను ఆపవద్దు. కలిశాక కూడా మార్చకముందు ఫైళ్లను చవక నిల్వలో అలాగే ఉంచండి.

తర్వాతి సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ఈ షరతులు రాయించండి: చరిత్ర పార్కేలో ఉండాలి, కాలమ్‌ల రకాల జాబితా డెయిరీ చేతికి రాతపూర్వకంగా ఇవ్వాలి, నిల్వ ఖాతా డెయిరీ పేరు మీదే ఉండాలి. పని అప్పగించే రోజు ఒక పరీక్ష పెట్టండి. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఏదీ లేని ల్యాప్‌టాప్‌లో డక్‌డీబీ వేసి, మీరు ఎంచుకున్న ఒక సభ్యుని మూడేళ్ల లెక్క తీయమనండి. ఆ సభ్యుని పాస్‌బుక్‌తో పూటపూటా సరిచూడండి. కలిస్తేనే చివరి బిల్లు చెల్లించండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరుల్లో డేటా పని చేసే ఇంజినీర్లు